సాడిల్స్ దించినా తీగలు దిగకపోతే...

ప్రశ్న: మా చర్చిలో బేస్ గిటార్ వాయిస్తుంటాను. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో నాలుగు తీగల బేస్ కొన్నాను. నెక్‌ను (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ) వెనక నాలుగు స్క్రూలతో బిగించిన రకం. తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి. 17వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర లావు తీగ కింద స్కేలు పెట్టి చూస్తే 3.5 మి.మీ. వచ్చింది. బాడీ మీది బ్రిడ్జిలో తీగలు ఆనే సాడిల్స్‌ను అడుగుదాకా దించేశాను, ఇంక దిగవు. రెండు పాటలయ్యేసరికి ఎడమ చెయ్యి లాగేస్తోంది. ట్రస్ రాడ్ బిగించమని ఒకరు, నెక్ విప్పి అట్టముక్క పెట్టమని ఇంకొకరు అంటున్నారు. విప్పితే పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అట్టముక్క పెట్టమన్నవారి మాటే సరైంది. కాకపోతే అది రెండో పని. ముందు నెక్ ఎంత వంగి ఉందో చూడాలి.

ట్రస్ రాడ్ ఉన్నది తీగల ఎత్తు తగ్గించడానికి కాదు. శ్రుతిలో ఉన్న నాలుగు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా బలంతో నెక్‌ను లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి లోపల పెట్టిన కడ్డీ అది. ఎత్తు తగ్గాలని దాన్నే బిగించుకుంటూ పోతే నెక్ వెనక్కి వంగి, మొదటి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర తీగలు గరగరమంటాయి. మీకు ఇబ్బందిగా ఉన్న పై ఫ్రెట్ల దగ్గర పెద్దగా తేడా రాదు. అలా బిగించీ బిగించీ ఆ కడ్డీ నట్టు అరగదీసిన బేస్‌లు నా బెంచి మీదికి వచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

వంపు కొలవడానికి బైక్ మెకానిక్కులు టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ చాలు. శ్రుతి చేసి మొదటి ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) వేయండి. లావు తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద తీగ కింద గేజ్ రేకు దూర్చండి. 0.3 నుంచి 0.35 మి.మీ. సందు ఉంటే నెక్‌ను అలా వదిలేయండి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ కొలవండి. తిరగనని మొరాయిస్తే బలం పెట్టొద్దు.

ఇప్పుడు 17వ ఫ్రెట్ దగ్గర కొలవండి. ఫెండర్ కంపెనీ తన బేస్‌లకు చెప్పే కొలత అక్కడ లావు తీగకు 2.4 మి.మీ., సన్న తీగకు 2 మి.మీ. మీకింకా మిల్లీమీటరు తగ్గాల్సి ఉందనుకుందాం. తీగ నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా ఏటవాలుగా వెళ్తుంది కదా, 17వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే బ్రిడ్జి దగ్గర 1.6 మి.మీ. దిగాలి. మీ సాడిల్స్‌కు అంత చోటు లేదు. అందుకే నెక్‌నే కాస్త వెనక్కి వాల్చాలి. నెక్ కూర్చునే గాడిలో 0.25 మి.మీ. మందం షిమ్ (మీవాళ్ళు చెప్పిన అట్టముక్కలాంటి సన్న ముక్క) పెడితే బ్రిడ్జి దగ్గర సుమారు 0.8 మి.మీ. కలిసొస్తుంది. అంటే మీకు అర మిల్లీమీటరు షిమ్ సరిపోతుంది. ఏటీఎం కార్డు ముక్క పెట్టేవాళ్ళున్నారు, అది 0.76 మి.మీ., మీకు ఎక్కువవుతుంది. ప్లైవుడ్ షాపులో సన్నటి వెనీర్ ముక్క అడిగి తెచ్చుకోండి, చెక్క మీద చెక్క చక్కగా కూర్చుంటుంది.

విప్పేముందు నెక్ ప్లేట్‌ను ఒకసారి చూడండి. స్క్రూలు కాకుండా ఇంకో చిన్న రంధ్రం, అందులో ఆలెన్ కీ పట్టే గాడి ఉంటే మీకు షిమ్మే అక్కర్లేదు. స్క్రూలు కొంచెం వదులు చేసి, ఆ కీ తిప్పితేనే నెక్ వాలుతుంది.

లేకపోతే తీగలు బాగా వదులు చేసి, బేస్‌ను దుప్పటి మీద బోర్లించి, చేతి స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి. డ్రిల్ మెషీన్ వద్దు. షిమ్‌ను ఆరేడు మి.మీ. వెడల్పు పట్టీగా కోసి, గాడిలో బ్రిడ్జి వైపు అంచుకు దగ్గరగా పెట్టండి. ఈ ఒక్కటీ జాగ్రత్త! తల వైపు అంచున పెడితే తీగలు దిగకపోగా ఇంకా లేస్తాయి. నాలుగు స్క్రూలూ బిగించాక తీగలు సగం శ్రుతికి తెచ్చి, స్క్రూలను పావు చుట్టు వదలండి. తీగల లాగుడుకు నెక్ జరిగి గాడి గోడకు ఆనుకుంటుంది, ఒక్కోసారి టక్‌మని వినిపిస్తుంది కూడా. అప్పుడు మళ్ళీ బిగించేయండి.

పాడవుతుందని భయపడకండి. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడే నెక్‌ను జిగురుతో అంటించకుండా స్క్రూలతో బిగించాడు, అవసరమైతే విప్పి మార్చుకోవడానికి వీలుగా. 1950లు, 60ల నాటి ఫెండర్ బేస్‌లు విప్పితే ఫ్యాక్టరీలో పెట్టిన షిమ్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి.

చివర్లో సాడిల్స్‌తో ఎత్తు సరిచేసి, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి సరిగ్గా పలుకుతోందా అని) చూసుకోండి. తీగలు వాటి కింద ధ్వనిని పట్టే పికప్‌లకు మరీ దగ్గరైతే పికప్‌లను కొంచెం దించండి. మీ చెయ్యి బరువైతే 2.4 దాకా దించకుండా 2.8 దగ్గరే ఆపండి. యాంప్‌లో వినపడని చిన్న గరగరను పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: నా బేస్ నెక్ స్క్రూల్లో ఒకటి తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. పొడుగు స్క్రూ వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయకండి. పొడుగు స్క్రూ ఫింగర్‌బోర్డు దాకా వెళ్ళి, దాన్ని పైకి నెట్టే ప్రమాదం ఉంది. స్క్రూ పట్టు ఉండాల్సింది నెక్ చెక్కలో, బాడీలో కాదు. నెక్ రంధ్రంలో చెక్క జిగురు రాసి, పుల్లలు బిగువుగా కుక్కి, ఒక రోజు ఆరనివ్వండి. మీదికొచ్చిన పుల్లల్ని చెక్కకు సమంగా కోసేసి, మధ్యలో సన్న రంధ్రం వేసి, పాత స్క్రూనే బిగించండి. రంధ్రం మరీ పెద్దదైతే పుల్లలు ఆగవు. వడ్రంగి చేత గట్టి చెక్క బిరడా కొట్టించి, కొత్త రంధ్రం వేయించుకోవాలి.