‘సుడి’ అనే రాయమ్మా

గుణుపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అతివాహకంలో, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు పారే పదార్థంలో, అయస్కాంత క్షేత్రం రేపే సుడుల మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న వంశధార గట్టున కూర్చుని చదివాను. మూడో పేజీలో ‘స్ఫటిక సౌందర్యమే సుడిలోని మజోరానా స్థితులకు రక్ష’ అన్నావు. సున్నా శక్తి దగ్గర నిలిచే ఆ ఎలక్ట్రాన్ స్థితుల గురించి ఆ మాట చదివి అక్కడే కాగితాలు మడిచేశాను. సౌష్ఠవం, అంటే తిప్పినా అద్దంలో చూసినా స్ఫటికం అలాగే ఉండడం, అందం కాదమ్మా, నిషేధం.

ఒకే సుడిలో సున్నా శక్తి స్థితులు రెండుంటే మామూలుగా ఒకదానితో ఒకటి కలిసి, సున్నాను వదిలి అటూ ఇటూ జరిగిపోతాయి. కానీ స్ఫటికాన్ని 90 డిగ్రీలు తిప్పినప్పుడు ఒకటి మారకుండా ఉండి, రెండోది ప్లస్-మైనస్ గుర్తు మార్చుకుందనుకో. వాటికి వియ్యం కుదరదు. రెండూ సున్నా దగ్గరే నిలుస్తాయి. అయస్కాంత క్షేత్రాన్ని కాస్త వంచి చూడు, ఆ సౌష్ఠవం చెదురుతుంది, నిషేధం పోతుంది. అద్దపు సౌష్ఠవం కాపాడే ఇలాంటి స్థితుల ఆనవాళ్లు తగరం టెల్యూరైడ్‌లో దొరికాయని 2024లో ప్రకటించినవారు క్షేత్రాన్ని వేర్వేరు దిక్కులకు వంచే పరీక్షించారు. నీ వ్యాసంలో ఆ వంచడం ఎక్కడ? కాపాడేది ఏమిటో చెప్పాలంటే, అది తీసేస్తే ఏం కూలుతుందో చూపించాలి. నలభై ఏళ్లుగా నేను పట్టుకు వేలాడుతున్నది ఈ ఒక్క మాటే.

ఇంకొకటి. సుడిని ‘భ్రమిళం’ అన్నావు. ఎందుకు? సోవియట్ భౌతికశాస్త్రవేత్త అబ్రికోసోవ్ 1957లో ఊహించిన సుడుల మీద నా మొదటి వ్యాసంలో ‘సుడి’ అనే రాశాను. సంపాదకుడు ప్రతిచోటా ‘ఆవర్తనం’ అని దిద్ది అచ్చువేశాడు. వచ్చిన ఒకే ఒక ఉత్తరంలో పాఠకుడు వానలెప్పుడు పడతాయని అడిగాడు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదువుకున్న నాకు సుడి అంటే ఏమిటో పుస్తకం చెప్పలేదు. వరదలో పడవ నడిపే మామయ్య చెప్పాడు: ‘నీళ్లన్నీ చుట్టూ తిరుగుతాయిరా, నడుమ బోలు.’ అతివాహకంలోనూ అంతే. విద్యుత్తు చుట్టూ తిరుగుతుంది, నడిమధ్యన అతివాహకత ఉండదు. మామయ్య మాటకు మించిన నిర్వచనం నాకు ఇంతవరకు దొరకలేదు. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి మనకు రైలు దూరమే. అక్కడి పక్కవాళ్లమై ఉండి భ్రమిళమా?

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ చింపేయి. క్షేత్రం నిటారుగా ఉన్నప్పుడు ఒక బొమ్మ, వంచాక ఒక బొమ్మ గీసి, వాటి కింద ఏం మారిందో రాసి పంపు. దసరాకు ముందే అందేలా చూడు.