డాక్టర్ సలహా: మైక్ ఇస్తే చేతులు వణుకుతున్నాయి.. ప్రచారానికి వెళ్లేముందు టాబ్లెట్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. ఇంట్లోంచే అకౌంట్స్ పని చేస్తుంటాను, మొదట్నుంచీ నలుగురిలో కలవడం తక్కువ. మా అత్తమ్మ ఈసారి మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా నిలబడుతోంది. మా వాడకట్టులో మోరీ నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే అడిగే దిక్కు లేదు, అందుకే ఆమెతో ఇంటింటికీ తిరగాలని, కార్నర్ మీటింగ్‌లో రెండు ముక్కలు మాట్లాడాలని నాకే ఉంది. కానీ మొన్న మహిళా సంఘం మీటింగ్‌లో మైక్ చేతికిచ్చేసరికి గుండె దడ, చేతులు వణుకు, నోరెండిపోయింది, పేరు చెప్పి కూర్చుండిపోయా. ఎవరో వీడియో కూడా తీశారు. నాకు చిన్నప్పట్నుంచి ఆస్తమా ఉంది, జనంలో ఆయాసం వస్తుందేమోనని ఇంట్లోంచి బయల్దేరేముందే ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు తీసుకుంటున్నా. ప్రొప్రనలాల్ వేసుకుంటే వణుకు రాదని ఫ్రెండ్ చెప్తోంది. వేసుకోవచ్చా? అసలు ఇది జబ్బా, నా స్వభావమే అంతా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు టాబ్లెట్ సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా, వేసుకోకండి. స్టేజ్ ఎక్కేముందు వణుకు, దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ కొందరికి మేమే రాస్తాం, నిజమే, కానీ ఆస్తమా ఉన్నవాళ్లకి కాదు. ఆ మందు గుండె వేగాన్ని తగ్గించడంతో ఊరుకోదు, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయేలా చేస్తుంది, అప్పుడు మీరు ఇన్‌హేలర్ తీసుకున్నా అది సరిగ్గా పనిచేయకుండా అడ్డుపడుతుంది. మీ ఫ్రెండ్‌కి పడిందని మీకూ పడుతుందనుకుంటే మీటింగ్ దగ్గర్నుంచి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సి రావచ్చు. బీపీ తక్కువ ఉన్నవాళ్లు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా దీన్ని సొంతంగా వాడకూడదు. ఇంకెవరైనా కంగారు తగ్గడానికి ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ సగం ముక్క వేసుకో అంటారు, అదీ వద్దు, మత్తుగా ఉంటుంది, మాట తడబడుతుంది, పైగా అలవాటు పడిపోతారు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటుంది, బయల్దేరేముందు రెండు పఫ్‌లు తీసుకుంటున్నా అన్నారు కదా. అది సాల్బుటమాల్ అయితే, అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తీసుకోమని ఇచ్చే ఇన్‌హేలర్ అయితే, దాని సైడ్ ఎఫెక్ట్సే చేతుల వణుకు, గుండె దడ! అందరికీ రావు గానీ చాలామందికి వస్తాయి. అంటే మీరు భయపడి తీసుకున్న పఫ్ వల్ల కొంత వణుకు, ఆ వణుకు చూసి ఇంకాస్త భయం, దానిమీద ప్రచారంలో ఖాళీ కడుపుతో తాగే నాలుగైదు టీలు, ఇవన్నీ కలిసి మొన్న మైక్ దగ్గర మీద పడి ఉండొచ్చు. ఛాతీలో పిల్లికూతలు, దగ్గు, ఊపిరి బయటికి వదలడం కష్టం కావడం ఉంటే అది ఆస్తమా, ఇన్‌హేలర్ తీసుకోవాల్సిందే. ఉత్త దడ, నోరెండిపోవడం, గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటే అది చాలావరకు కంగారు. ఏదో తెలియకపోతే మాత్రం ఆస్తమాగానే అనుకుని ఇన్‌హేలర్ తీసుకోండి, అక్కడ మొహమాటం పనికిరాదు. శ్రమకి ముందు తీసుకోమని మీ ఛాతీ డాక్టరే చెప్పి ఉంటే సొంతంగా మానొద్దు, ఒకసారి వెళ్లి అడగండి. ఇన్‌హేలర్ మాత్రం ఎప్పుడూ బ్యాగులో ఉండాలి, పటాకులు కాల్చే చోటికి, దుమ్ము లేచే ర్యాలీల్లోకి వెళ్లకపోతే మంచిది.

జబ్బా స్వభావమా అని అడిగారు. నలుగురిలో తక్కువ మాట్లాడటం, జనంలో తిరిగొచ్చాక ఒంటరిగా కాసేపు కూర్చోవాలనిపించడం స్వభావం, దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. మాట్లాడాలని ఉండి కూడా నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో తప్పించుకుంటూ, ఆరు నెలలకి పైగా అదే నడుస్తూ, చదువు, ఉద్యోగం, పెళ్లి సంబంధాల దాకా అది అడ్డొస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. బాగా కలివిడిగా ఉండేవాళ్లలోనూ ఇది ఉంటుంది, మౌనంగా ఉండేవాళ్లలో లేకపోనూవచ్చు. మీ ఉత్తరంలో మైక్ ఒక్కటే కనిపిస్తోంది కాబట్టి ఇప్పుడే జబ్బు పేరు పెట్టను. కానీ ఇంటర్వ్యూలు మానేశారా, నలుగురి ముందు తినడానికి కూడా ఇబ్బందేనా, ఫోన్ ఎత్తాలన్నా భయమేనా, ఇవి మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్నలు. అలాగే థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు ఒకసారి చేయించండి, థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు, చెమటలు ఇలాగే ఉంటాయి.

భయం తగ్గే దారి చెప్తా, వినడానికి సింపులే. కంగారు ఒక స్థాయిదాకా ఎక్కుతుంది, మీరు అక్కడే ఉంటే దానంతటదే దిగుతుంది. మధ్యలో కూర్చుండిపోతేనో ఇంటికొచ్చేస్తేనో ఆ క్షణం హాయిగా ఉంటుంది గానీ, తప్పించుకున్నా కాబట్టే బతికిపోయా అని మెదడు లెక్కేసుకుంటుంది, దాంతో తర్వాతిసారి భయం ఇంకాస్త పెద్దదవుతుంది. అందుకే ఈదడం నేర్చుకున్నట్టు మోకాలి లోతు నీళ్లలో మొదలుపెట్టాలి, మీరేమో మొదటిరోజే మైక్ పట్టుకున్నారు. భయానికి సున్నా నుంచి వంద దాకా మార్కులేసి పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. తెలిసిన ఇంట్లో ఓటరు స్లిప్పు ఇచ్చి నమస్తే చెప్పడం మీకు ఇరవై కావచ్చు, తెలియని ఇంటి తలుపు కొట్టడం నలభై, కిరాణం కొట్టు దగ్గర ఐదుగురి ముందు మోరీ సంగతి ఎత్తడం అరవై, మైక్ తొంభై. ఇరవై పనిని విసుగొచ్చేదాకా చేయండి, మార్కులు సగానికి పడ్డాకే పై పనికి వెళ్లండి. రోజూ చేస్తేనే ఫలితం, వారానికోసారి చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంటింటి ప్రచారాన్ని చిన్న పని అనుకోకండి. అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో 1998 ఎన్నికలప్పుడు ఇద్దరు పరిశోధకులు వేల మంది ఓటర్ల మీద పరీక్షించి చూశారు, మనిషి గుమ్మం దగ్గరికెళ్లి మాట్లాడితే పోలింగ్ బాగా పెరిగింది, ఉత్తరాలతో కొద్దిగా పెరిగింది, ఫోన్ కాల్స్‌తో పెరిగినట్టే కనిపించలేదు. గుమ్మం దగ్గర కావాల్సింది గొంతు కాదు, వినే ఓపిక, అది మీలాంటివాళ్లకే ఎక్కువ (నా దగ్గరికొచ్చే లీడర్లకి నేను చెప్పేది పూర్తిగా వినడమే కష్టం, ఆ సంగతి వేరే). మీ వీధి సమస్యేంటమ్మా అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. తెలియనిది అడిగితే "నాకు తెలియదు, అత్తమ్మనడిగి రేపు చెప్తా" అనండి, చెప్పినట్టే రేపు వెళ్లండి. ఇద్దరుగా తిరగండి, ఎవరైనా తాగి వాదనకి దిగితే అక్కడ ధైర్యం చూపించక్కర్లేదు, వచ్చేయండి.

మైక్ దగ్గరికొచ్చేసరికి ప్రసంగం మొత్తం బట్టీ పట్టొద్దు, ఒక పదం మర్చిపోతే అంతా పోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి, మధ్యలో మీరు కళ్లారా చూసింది చెప్పండి, వాన పడిన రోజు ఎవరింట్లోకి మోరీ నీళ్లొచ్చాయి, కంప్లయింట్ ఎప్పుడిచ్చారు, ఏం జరిగింది. రెండు నిమిషాలు చాలు. పల్చటి కాగితం వణుకుని పదింతలు చూపిస్తుంది, అట్ట ముక్క మీద రాసుకోండి. పైకి వెళ్లేముందు గట్టిగా దీర్ఘశ్వాసలు లాగితే కళ్లు తిరుగుతాయి, అలా కాకుండా నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, వదిలేది ఎక్కువసేపుండాలి. నా చేయి వణుకుతోందా అని చూసుకోవడం మానేసి ముందు వరసలో ఒక మనిషిని చూస్తూ ఆవిడకే చెప్తున్నట్టు చెప్పండి. మీ లోపల కొట్టుకునే గుండె వాళ్లకి కనిపించదు, మీకు వంద అనిపించింది బయటికి ముప్పయ్యో నలభయ్యో తెలుస్తుంది అంతే.

ఆ వీడియో తెచ్చుకుని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. మీరనుకున్నంత ఘోరంగా ఉండే అవకాశం తక్కువ, థెరపీలో మేమే వీడియో తీసి చూపిస్తాం ఇందుకే. గాంధీ గారు లాయర్‌గా బొంబాయి కోర్టులో మొదటి కేసులో లేచి నిలబడి ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు, తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేశారు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు కాబట్టి సరిపోయింది!

మైక్ మెట్టు ఈ ఎలక్షన్‌లోపు రాకపోతే రాకపోనివ్వండి. ఓటరు లిస్టులో పేర్లు సరిచూడటం, బూత్‌లో పోలింగ్ ఏజెంట్‌గా కూర్చోవడం, ఖర్చుల లెక్క రాయడం, అకౌంట్స్ చేసేవాళ్లు మీకన్నా ఎవరు దొరుకుతారు అత్తమ్మకి. సాయంత్రం తిరిగొచ్చాక ఒక గంట తలుపేసుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్లు ఏమైందని అడుగుతారు, ఏం కాలేదని చెప్పండి.

రెండు మూడు వారాలు ఇలా చేసినా ఇరవై మార్కుల పని కూడా దాటలేకపోతున్నా, కారణం లేకుండా దడ వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా సైకియాట్రిస్ట్‌ని కలవండి. సీబీటీ అనే మాటల చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది, అవసరమైతే ఆస్తమా ఉన్నవాళ్లకీ ఇవ్వగలిగిన మందులున్నాయి, కాకపోతే అవి పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, వచ్చేవారం మీటింగ్ కోసం వేసుకునేవి కావు. దగ్గర్లో డాక్టర్ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో మొదట ఆస్తమా ఉందని, ఏ ఇన్‌హేలర్ వాడుతున్నారో చెప్పండి.