పెళ్లిచూపుల్లో మెడ విదిలించాను... ఇది పిచ్చా డాక్టర్‌గారూ?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. ఏడో ఏట నుంచి కళ్లు గట్టిగా మూసి తెరుస్తుంటాను, మెడ పక్కకి విదిలిస్తాను, గొంతులో ‘హుఁ’ అని శబ్దం వస్తుంది. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతుంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. కావాలనే చేస్తున్నానని నాన్న కోప్పడతారు. మొన్న పెళ్లిచూపుల్లో బాగా ఎక్కువై సంబంధం తప్పిపోయింది. ఇది పిచ్చా? రేపు నా పిల్లలకూ వస్తుందా?

జవాబు: పిచ్చి కాదు. మీరు కావాలని చేస్తున్నదీ కాదు. పందొమ్మిదేళ్లుగా ఈ మాట మీకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

వీటిని టిక్స్ అంటారు. కదలికలను అదుపు చేసే మెదడు భాగాల పనితీరులో వచ్చే తేడా ఇది. కదలికలు, శబ్దం రెండూ చిన్నతనంలో మొదలై ఏడాది దాటి ఉంటే టూరెట్ సిండ్రోమ్ అంటాం. 1885లో దీన్ని వివరించిన ఫ్రెంచి డాక్టర్ పేరు అది. మీది అదే అయి ఉండొచ్చు, పరీక్ష చేసి నిర్ధారించాలి. ఈ జబ్బున్నవాళ్లంతా బూతులు మాట్లాడతారన్నది అపోహ. ఆ లక్షణం నూటికి పది పదిహేను మందిలోనే కనిపిస్తుంది. సాధారణంగా 10–12 ఏళ్లప్పుడు బాగా ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. కొందరికి మీలాగే పెద్దయ్యాకా ఉండిపోతుంది.

మెడ కదిలే ముందు అక్కడ ఏదో పట్టేసినట్టు, విదిలిస్తే గానీ హాయిగా ఉండదన్నట్టు అనిపిస్తుందా? తుమ్ములాగే దాన్నీ కాసేపు ఆపుకోగలం. ‘ఆపుకోగలుగుతున్నాడంటే కావాలనే చేస్తున్నాడు’ అని ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే. నా దగ్గరికి వచ్చే ఒకాయన కోనసీమలో కొబ్బరికాయలు ఒలుస్తారు. గునపం మీద కాయ దించి పీచు లాగుతున్నంతసేపూ భుజం ఎగరదు. పని ఆపి టీ గ్లాసు పట్టుకోగానే భుజం ఎగరడం మొదలవుతుంది. నటన కాదు. ధ్యాస పనిలో ఉంటే టిక్స్ తగ్గుతాయి, టెన్షన్‌లో, నిద్ర చాలనప్పుడు పెరుగుతాయి. పెళ్లిచూపుల్లో అందరి కళ్లూ మీ మీదే, పైగా బయటపడకూడదన్న ఆరాటం. పెరగక ఏం చేస్తాయి?

హ్యాబిట్ రివర్సల్ అనే శిక్షణ ఉంది. మెడలో ఆ పట్టు మొదలవగానే గడ్డం కాస్త కిందకి దించి, మెడ కండరాలను మెల్లగా బిగించి, ఆ కోరిక తగ్గేదాకా అలాగే ఉంచాలి. గొంతు శబ్దం వచ్చేలా ఉంటే నోరు మూసి ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకోవాలి. చదివి సొంతంగా కాదు, ఈ శిక్షణ తెలిసిన సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాలు నేర్చుకోవాలి. టిక్స్ వల్ల నొప్పి వచ్చినా, పనికి అడ్డమైనా మందులున్నాయి. కానీ కొన్నింటికి మత్తు, బరువు పెరగడం లాంటి ఇబ్బందులుంటాయి కాబట్టి మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. చేసిందే మళ్లీ మళ్లీ చేయాలనిపించడం, ఆందోళన, ఏకాగ్రత కుదరకపోవడం ఉంటే దాచకుండా చెప్పండి. చాలామందిని టిక్స్ కన్నా అవే ఎక్కువ బాధపెడతాయి.

ఇది కుటుంబాల్లో వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువే. అంతమాత్రాన మీ పిల్లలకు వచ్చి తీరుతుందని కాదు. వచ్చినా చాలామందిలో తేలిగ్గానే ఉంటుంది. పెళ్లి మానుకోవాల్సిన జబ్బు కాదిది. ఈసారి మాత్రం చూపులకు ముందే అమ్మాయితో మీరే చెప్పండి: “చిన్నప్పటి నుంచీ నాకు టిక్స్ ఉన్నాయి. మెడ కదులుతుంది, శబ్దం వస్తుంది. ప్రాణానికి ప్రమాదమేమీ లేదు.” దాచాలన్న ఆరాటం పోతే ఆ రోజు మెడ కూడా కాస్త నెమ్మదిస్తుంది.

న్యూరాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ కలవండి. వెళ్లేముందు షాపులో పని చేసుకుంటున్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు మీ ఫోన్‌లో వీడియో తీయించి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చోగానే టిక్స్ మాయమైపోతుంటాయి. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. కావాలని చేయడం లేదన్న మాట ఆయన డాక్టర్ నోటి నుంచే వినాలి.