చెవిలో మోత: ఎంత బాధో కొలవొచ్చా?

ప్రశ్న: ఏడాదిగా రెండు చెవుల్లోనూ కీచుమని ఒకటే మోత. వినికిడి పరీక్షలో పెద్దగా ఏమీ లేదన్నారు. రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఇంట్లోవాళ్లేమో నాటకం అనుకుంటున్నారు. ఇది ఎంత తీవ్రమో తేల్చే పరీక్షే లేదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేకేం, ఉందమ్మా. ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) హెడ్‌ఫోన్స్ పెట్టి మీ మోతని వేరే శబ్దంతో సరిపోల్చి చూడగలరు గానీ, చాలామందిలో అది వాళ్ల వినికిడి హద్దు (వాళ్లకి వినిపించే అతి చిన్న శబ్దం) కన్నా కొద్ది డెసిబెల్సే ఎక్కువ తేలుతుంది, ఆ అంకెకీ మనిషి పడే అవస్థకీ పెద్దగా పొంతన ఉండదు. అందుకే అవస్థనే నేరుగా అడుగుతారు. 1996లో అమెరికాలో వచ్చిన టినిటస్ (చెవిలో మోత) హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళిలో 25 ప్రశ్నలుంటాయి: రాత్రి నిద్ర పట్టడం కష్టమవుతోందా, దీనివల్ల చిరాకు పడుతున్నారా, ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో సంబంధాలు దెబ్బతింటున్నాయా, ఇలాంటివి. అవునంటే 4, అప్పుడప్పుడు అంటే 2, లేదంటే సున్నా. మొత్తం 16 లోపైతే నామమాత్రం, 38 నుంచి 56 మధ్యస్థం, 58 నుంచి 76 తీవ్రం, 78 నుంచి మరీ తీవ్రం. ఆ కాగితం ఇంట్లోవాళ్లకీ చూపించండి, తప్పేం లేదు! చికిత్స మొదలయ్యాక మళ్లీ నింపితే తేడా తెలుస్తుంది. అయితే మోత ఎప్పుడైనా ఒక్క చెవికే పరిమితమైనా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, స్కోరు సంగతి పక్కనపెట్టి ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.