లెక్క వెనకనుంచి పెట్టు తల్లీ

చిట్టితల్లీ,

ఎనిమిది నెలలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామనీ, ఇంకెన్ని పరీక్షలు చేయించుకోవాలో తెలియట్లేదనీ రాశావు. రెండు పేజీల ఉత్తరంలో మీ ఆయన ఊసు ఒక్క చోటా లేదు. నా మనసుకు గుచ్చుకున్నది అదే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు రోజుల లెక్క.

నీకు నెలసరి 32, 33 రోజులకు వస్తుందన్నావు. అయినా మీరు నెలసరి మొదలైన రోజునుంచి లెక్కపెట్టి 14వ రోజునే నమ్ముకున్నారు. ఆ పద్నాలుగు వెనకనుంచి లెక్కపెట్టాల్సిందమ్మా. రాబోయే నెలసరికి దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అంటే నీకు 18, 19వ రోజుల్లో. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే అవి ముందే చేరి ఉండాలి. 13వ రోజు నుంచి 20 దాకా రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది. అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను మూత్రంలో చూపించే ఎల్‌హెచ్ కిట్ మందుల షాపులో దొరుకుతుంది, అదీ వాడుకోవచ్చు. అందులో పరీక్ష గీత పక్క గీతంత ముదురుగా కనబడితే ఒకటిన్నర రోజులోపు అండం విడుదలవుతుందని అర్థం. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని అండాశయ సమస్య) ఉన్నవాళ్లకు మాత్రం ఆ కిట్ మాట నమ్మకం కాదు.

ఇక మీ ఆయన. నర్సుగా ఉన్నన్నాళ్లూ ఒంటరిగా ఫైలు పట్టుకుని వచ్చే ఆడపిల్లల్ని చూసి కుమిలిపోయేదాన్ని. ఒకమ్మాయికి రెండేళ్లు అన్ని పరీక్షలూ చేశారు, చివరికి కడుపులోకి కెమెరా పంపి కూడా చూశారు. ఆ తర్వాత భర్తకు వీర్య పరీక్ష చేస్తే కణాలే లేవు! నీకు గర్భనాళాల ఎక్స్‌రే రాశారన్నావుగా, ఆయన రిపోర్టు వచ్చేదాకా దానికి తొందరపడకు. వీర్య పరీక్షకు సూది కూడా అక్కర్లేదు, అంతకుముందు వీర్యం బయటికి పోకుండా 2 నుంచి 7 రోజుల విరామం ఉంటే చాలు. ఫలితం బాగా లేకపోయినా బెంబేలు పడొద్దు. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, అప్పట్లో వచ్చిన జ్వరం కూడా ఇప్పటి రిపోర్టులో కనబడుతుంది. మూడు నెలలాగి మళ్లీ చేయించండి. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడేమో అడుగు. అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి.

రక్తపరీక్షలో ఏఎంహెచ్ అనే హార్మోన్ తక్కువని ఏడ్చావట. మిగిలిన అండాలు ఎన్ననే అంచనా అది. నీకు గర్భం నిలుస్తుందో లేదో అది చెప్పలేదు.

నీకు 29. నెలసరి సక్రమంగానే వస్తోంది కాబట్టి నీ మిగతా పరీక్షలకు, ప్రయత్నం మొదలుపెట్టి ఏడాది నిండేదాకా ఆగొచ్చు. 35 దాటితే ఆరు నెలలకే వెళ్లమనేదాన్ని. ఫాలిక్ యాసిడ్ మాత్రం ఇవాళే మొదలుపెట్టు, రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాముకు మూలమైన నాళం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లోనే, అప్పటికి కడుపుతో ఉన్నావని నీకే తెలియకపోవచ్చు.

ఈ ఉత్తరం అతనికీ చదివి వినిపించు. రిపోర్టు రాగానే ఇద్దరూ కలిసే ఫోన్ చేయండి.

మీ పెద్దమ్మ