సేవ్ ఫైల్ పోలేదన్నా, వర్చువల్‌స్టోర్‌లో చూడండి

అన్నా, మెయిల్‌లో ఒకరి తర్వాత ఒకరు ఆడే పాత గేమ్‌లో మీ టర్న్ ఆడి సేవ్ కొట్టారు, గేమ్‌లో లోడ్ కూడా అవుతోంది, కానీ అవతలి ప్లేయర్‌కి మెయిల్ చేద్దామంటే ఫోల్డర్‌లో ఫైలే లేదంటున్నారు కదా, కంగారు పడకండి అది ఎక్కడికీ పోలేదు. 2007లో విస్టా వెర్షన్ వచ్చినప్పట్నుంచి విండోస్ పాత గేముల్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో (గేములు మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్) ఏదీ సేవ్ చేయనివ్వదు, చడీచప్పుడు లేకుండా మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ కిందకి మళ్లించేస్తుంది (ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది).

గేమ్‌ని అడ్మిన్‌గా (పూర్తి అధికారాలతో) రన్ చేయమని చాలామంది చెప్తారు, ఇప్పుడే వద్దు, అప్పుడు గేమ్ వర్చువల్‌స్టోర్‌ని వదిలేసి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫోల్డర్‌నే చూస్తుంది కాబట్టి పాత సేవ్‌లన్నీ మాయమైనట్టుంటాయి, నెలల తరబడి నడిపిన క్యాంపెయిన్ పోయిందనుకుని గుండె జారిపోద్ది, నాకు తెలుసు ఆ బాధ. ముందు వర్చువల్‌స్టోర్‌లోంచి సేవ్‌లు కాపీ తీసుకోండి, తర్వాత సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి గేమ్ అందులో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి అవన్నీ అక్కడ వేసేయండి.