హార్బర్, ఆఫీసు, క్లౌడ్: మూడు చోట్ల డేటాబేస్‌ను కలిపి ఉంచడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల తూకం దగ్గర చిన్న సర్వర్, సిరిపురం ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, హైదరాబాద్ క్లౌడ్‌లో ఇంకొకటి, మూడింటినీ ఒకే క్లస్టర్ (అన్నీ కలిసి ఒకే డేటాబేస్‌లా పనిచేసే ఏర్పాటు) చేయొచ్చా అని. చేయకండి.

ఇలాంటి క్లస్టర్‌లో ప్రతి ఎంట్రీకీ మెజారిటీ నోడ్లు, అంటే మూడు సర్వర్లలో కనీసం రెండు, ఒప్పుకోవాలి. హైదరాబాద్ విశాఖకు తిన్నగా చూసినా దాదాపు 500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, వెళ్లి రావడానికే కనీసం 5 మిల్లీసెకన్లు. అది భరించొచ్చు. అసలు బాధ లైను తెగినప్పుడు: హార్బర్ నోడ్ ఒంటరిదై ఎంట్రీలు ఆపేస్తుంది, పడవలోంచి దిగే చేప ఆగదు కదా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేని సంగతి విశాఖ మరిచిపోలేదు.

అందుకే హార్బర్‌లో అక్కడికక్కడే రాసుకోనివ్వండి, లైను వచ్చాక పంపండి. ప్రతి ఎంట్రీకీ అక్కడే యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య) ఇచ్చి దాన్నే ప్రైమరీ కీ, అంటే పట్టికలో ఎంట్రీని గుర్తించే కీ, చేస్తే, రెండుసార్లు పంపినా ఒక్కసారే పడుతుంది. తూకాన్ని తర్వాత దిద్దకండి. సవరణను కొత్త ఎంట్రీగా చేర్చండి. ధరల పట్టిక ఆఫీసులోనే మారాలి, మిగతా చోట్ల చదవడమే. టైమ్‌స్టాంప్ (ఎంట్రీపై పడే సమయం) చూసి 'చివరిదే గెలుపు' అనే పద్ధతిని డబ్బు లెక్కల్లో నేను ఒప్పుకోను. ఒక సర్వర్ గడియారం రెండు సెకన్లు వెనకబడితే చాలు, సరైన ఎంట్రీ చప్పుడు లేకుండా పోతుంది.

ఆఫీసు నుంచి క్లౌడ్‌కు పోస్ట్‌గ్రెస్ లాజికల్ రెప్లికేషన్ (పట్టికల్లో మార్పులను ఇంకో డేటాబేస్‌కు పంపే పద్ధతి) చాలు. క్లౌడ్ అందనప్పుడు రెప్లికేషన్ స్లాట్ (ఎంతవరకు పంపామో గుర్తుంచుకునేది) ఇంకా పంపని మార్పుల లాగ్ అయిన వాల్ (WAL) ఫైళ్లను పట్టి ఉంచి ఆఫీసు డిస్కు నింపేస్తుంది. వెర్షన్ 13 నుంచి దానికి పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది, తప్పక పెట్టండి. పరిమితి దాటితే మాత్రం క్లౌడ్ కాపీని మొదటినుంచి ఎక్కించాల్సిందే.